వేటచీతాను మోసిన ఎద్దుబండి

పరుగులో తనను మించినది లేని మృగమును బండి యెక్కించి మోసికొనిపోవుట విన్నవారికి వింతగా తోచును. గుఱ్ఱము బండిని లాగును గాని, గుఱ్ఱమునే బండిలో నిలిపి లాగించువాడు ఎవడైన గలడా యని మనము నవ్వుదుము. అయినను మన దేశమున రాజులును జమీందారులును కొన్ని వందల యేండ్లు అట్టి పనియే చేసిరి. నేలమీద పరుగెత్తు జంతువులలో నెల్ల వడిగలదియైన చీతాను రెండెద్దుల బండిమీద కూర్చుండబెట్టి, కన్నులకు తోలుగంత కట్టి, జింకలు మేయు బయలునకు తోలుకొనిపోయిరి. ఆ బండి ఎట్టిది, దాని యవసరమేమి, దానివలన తుదకు మనకు మిగిలినదేమి యనునదే నేటి నా ప్రసంగ విషయము.

వేట యనగానే మన తీరమువారికి ముందు కుక్క జ్ఞప్తికి వచ్చును. యానాదులు ఉడుములను, కుందేళ్లను, పందికొక్కులను వెదకుచు పుట్టలవెంట పొదలవెంట తిరుగునపుడు కుక్కలును వారితో నడచెడివి. మన పడమటి దిక్కున శ్రీకాళహస్తిలో కన్నప్పగా కొలువబడు తిన్నడు బోయవాడు. అతని వేటను ధూర్జటి మహాకవి కాళహస్తి మాహాత్మ్యమున వర్ణించియున్నాడు. ఇవి యన్నియు కాలినడక వేటలు. వేటాడు చోటు ఊరి పొలిమేరకు దాపుననే యుండుటచే కుక్కకు వాహనముతో పని లేకపోయెను.

మంచుదేశముల సంగతి వేఱు. ఉత్తర అమెరికాలో కొండసింహమును కుక్కలతో వేటాడువారు శీతకాలమున స్నోమొబైలు అను మోటారుబండి నెక్కి మంచుమీద జాఱుచు పోవుదురు. దాని వెనుక చిన్న తోకబండి నొకదానిని తగిలింతురు. చక్రములకు మాఱుగా జాఱుడుపట్టెలమీద చెక్కపెట్టె నమర్చి, గాలి యాడుటకు సందులు విడిచి, అందు కుక్కలను కూర్చుండబెట్టుదురు. ఈ తోకబండిని అంగడిలో కొనక, తమ పెరటిలో తామే పలకలు కోసి చేసికొనువారు పలువురు గలరు. లోతైన మంచులో క్రోసుల దూరము నడచిన కుక్క వేటచోటికి చేరునప్పటికే సొమ్మసిల్లును గనుక ఈ యేర్పాటు కావలసివచ్చెను. పూర్వము ఆ మంచుదేశములలో కుక్కలే బండ్లను లాగి మనుష్యులను మోసెను. ఇప్పుడు యంత్రము కుక్కలను మోయుచున్నది. పరుగెత్తవలసిన జంతువుయొక్క ఊపిరిని పరుగు వేళవఱకు దాచియుంచుటయే అట్టి బండి చేయు పని.

నేను తడవాడను. మా యూరు తరతరములుగా నెల్లూరు జిల్లాలోనిదై, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. మాకు తూర్పున పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట దీవి. 1971 మొదలు ఆ దీవినుండి రాకెట్లు లేచుచున్నవి. అందలి రెండవ ప్రయోగవేదికకు రాకెట్టును చేర్చు విధము గమనింపదగినది. ఒక ఎత్తైన భవనమున దానిని నిలువుగా కూర్చి, పట్టాలమీద నడచు పెద్ద పీఠముపై నిలిపి, సుమారు ఒక కిలోమీటరు దూరమును మిక్కిలి మెల్లగా నడిపింతురు. ఆకాశమున నిప్పులు చిమ్ముచు పోవలసినది నేలమీద నత్తనడక నడచును. దాని బలమంతయు కొలది నిమిషములలో వెచ్చపెట్టవలసినదే గనుక దారిలో రవ్వంతయు వ్యయము కారాదు. చీతాను మోసిన ఎద్దుబండి సూత్రమును ఇదియే.

చీతాను చిరుతపులితో కలిపి చెప్పుట మనలో వాడుక. ఆ రెండును వేఱు. చిరుతపులి మచ్చలు పూరేకులు చుట్టు పేర్చినట్లు గుత్తులుగా నుండును. చీతా మచ్చలు సిరాబొట్లవలె విడివిడిగా, నిండుగా నుండును. చీతాకు కంటి కొలికినుండి నోటిదాక కన్నీటిచారవంటి నల్లని గీత గలదు. నడుము సన్నము, కాళ్లు పొడవు. దాని గోళ్లు పిల్లి గోళ్లవలె పూర్తిగా లోనికి ముడుచుకొనవు. కుక్క గోళ్లవలె నేలను పట్టి పరుగునకు తోడ్పడును. అది గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగము నందుకొనగలదు గాని, ఆ వేగము కొన్ని వందల గజములకు మించి నిలువదు. అంతలో జింక దొరకినచో దొరకినట్లు; లేనియెడల చీతా ఒగర్చుచు నిలిచిపోవును. మరల పరుగెత్తుటకు చాలసేపు విశ్రమింపవలెను.

మచ్చలు గలదియను నర్థముగల చిత్రకమను సంస్కృత శబ్దమునుండి చీతా యను పేరు పుట్టినది. 1840 తరువాతి సంవత్సరములలో నెల్లూరున సివిలు సర్జనుగా పనిచేసిన జెర్డను దొర, 1867లో ప్రకటించిన భారతదేశపు క్షీరదముల గ్రంథమున, తెలుగువారు దీనిని చీతాపులి యందురనియు, కన్నడమువారు సివంగి యందురనియు వ్రాసెను. ఆయన సాగరు పట్టణమున నుండగా ఒక చీతాపిల్లను వేటకుక్క పిల్లలతో కలిపి పెంచెను. అవి యన్నియు ఒకదానితో నొకటి చెలిమిగా నాడుకొనెనట. పులిజాతిలో పుట్టియు కుక్క గుణములు కొన్ని గల యీ మృగమును మనుష్యుడు వేటకుక్కకు మాఱుగా వాడుకొనుట అందువలననే సాధ్యమాయెను.

ఈ వేట మన దక్కనునకు క్రొత్తది కాదు. తెలంగాణమును గూడ నేలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు రాజులాడు వేటలను పెక్కింటిని చెప్పుచు, కుక్కలతో వేటను, చీతాతో వేటను గూడ చెప్పియున్నాడు. తరువాత మొగలాయి పాదుషాల కాలమున ఈ వినోదము మిక్కిలి పెరిగెను. అక్బరు కొలువున చీతాలకు వేఱుగా సేవకులు, వేఱుగా దినవెచ్చము ఏర్పడి యుండెనని అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వివరించెను. సమంద్ మాణిక్ అను చీతాను చౌడోలు అను పల్లకిలో మోసెడివారు. దాని ముందు నగారా మ్రోగుచుండగా సేవకులు ప్రక్కల పరుగెత్తెడివారు. ఒక్కొక్కప్పుడు ఆ పల్లకి కొమ్ములను రెండు గుఱ్ఱముల మెడలమీద నుంచి నడిపించెడివారు. ఇది యంతయు వైభవమునకు చెల్లినది. జింకల యెదుటికి పోవలసినపుడు నగారా పనికిరాదు, పల్లకియు పనికిరాదు. అచ్చట పనికివచ్చినది ఎద్దుబండి.

బండి సంగతి చెప్పుటకు ముందు చీతాను పట్టిన విధమును చెప్పవలెను. పిల్లనాటినుండి ఇంట పెంచిన చీతా వేటకు కొఱగాదని పూర్వపు వేటగాండ్ర నిశ్చయము. తల్లి వెంట తిరిగి వేట నేర్చిన యెదిగిన చీతానే పట్టవలెను. చీతాలు తఱచుగా వచ్చి ఆడుకొను చెట్లు, గోళ్లు రాచు చెట్లు బయలున కొన్ని యుండును. పారధులు మొదలగు వేటజాతులవారు ఆ చెట్ల చుట్టు జింకనరముల ఉచ్చులు పన్ని వానిని పట్టెడివారు. పట్టిన చీతాకు కండ్లగంత వేసి, మంచమునకు కట్టి, జనసంచారము గల చోట నుంచెడివారు. ఆడువారును పిల్లలును దాని దాపున కూర్చుండి ఎడతెగక మాటలాడుటకు ఏర్పాటు చేసిరని లాక్‌వుడ్ కిప్లింగు 1891లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. మనుష్యుని కంఠధ్వనికి అది అలవాటుపడుటకై ఈ యుపాయము. అడవిమృగమునకు శిక్ష దెబ్బలతో కాక మాటలతో మొదలగుట మనము గుర్తింపవలసినది.

ఇక బండి. చీతాబండికై ప్రత్యేకమైన కార్ఖానా ఏదియు అక్కఱలేకపోయెను. ఊరి వడ్రంగి రైతుకు చేసిపెట్టు రెండు చక్రముల బండియే యిదియును. తుమ్మకఱ్ఱ ఆకులు, పూటీలు, వానిపై కమ్మరి కాల్చి బిగించిన యినుపకట్టు, నడుమ ఇరుసు, ముందు నొగలు, కాడి, ఇవియే దాని యంగములు. భేదమెల్ల పైభాగమునందే యుండెను. చీతాబండికి ప్రక్కగోడలు లేవు, గూడు లేదు. ఇరుసుమీద చదునైన పలక యొకటి తగ్గుగా పఱచియుండును. గోడ యున్నచో చీతా దానిని దాటి దూకవలెను. పలక యెత్తుగా నున్నచో దూకునపుడు కాళ్లకు దెబ్బ తగులును. కట్టు విప్పిన మఱుక్షణమున అది చప్పుడు లేక నేలకు దిగవలెను గనుక బండిని సాధ్యమైనంత తేలికగా, తగ్గుగా, విప్పారినట్లుగా నుంచిరి.

ఆ పలకమీద చీతా కూర్చుండును. దాని మెడకొక పట్టెడ, నడుమున కొక పట్టీ; వానికి కట్టిన పగ్గము చీతావాని చేతిలో నుండును. కన్నులమీద తోలుగంత. గంత యున్నంతవఱకు అది శాంతముగా నుండును, తీసినతోడనే దాని చూపు బయలుపై పడును. ముందు బండివాడు, ప్రక్కను చీతావాడు, ఇంతకు మించి జనము పనికిరాదు. ఇట్టి బండికి కట్టు ఎద్దులకు బలముకంటె నిబ్బరము ముఖ్యము. వెనుక క్రూరమృగము కూర్చున్నను బెదరక, తొందరపడక, నాగలి దున్నినట్లు సమముగా నడువవలెను. మన నెల్లూరు ఒంగోలు పశువు సాధుత్వమునకును బలమునకును పేరుగన్నది. బ్రెజిలు దేశమున ఆ సంతతిని నేటికిని నెలోరె యను మన జిల్లా పేరుతోనే పిలుచుచున్నారు. రైతు కొట్టమున శాంతము నేర్చిన ఎద్దు లేకున్నచో రాజుగారి చీతా జింక దాపునకు చేరియుండదు.

జింక యనగా ఇందు ముఖ్యముగా ఇఱ్ఱి. దానినే కృష్ణజింక యందురు. వీపు నల్లన, కడుపు తెల్లన, మెలిదిరిగిన కొమ్ములు. పచ్చిక బయళ్లలో మందలు మందలుగా తిరుగును. మాటునకు పొదయైనను లేని చోట మేయుటయే దాని రక్షణము. ఎవడు వచ్చినను దూరముననే కనబడును. అట్టి మందను చూచినప్పుడు బండివాడు నేరుగా దానిపైకి తోలడు. తన దారిని తాను పోవువానివలె ఓరగా తోలుచు, చుట్టు తిరుగుచు, ప్రతి చుట్టునను కొంచెము దాపునకు వచ్చును. నూఱు రెండు నూఱుల గజముల దూరము చేరగనే చీతావాడు గంత తీసి, దాని తల మందవైపు త్రిప్పి, కట్టు విప్పును. చీతా మెల్లగా దిగును. నేల పల్లముగా నున్నచోట, గడ్డి గుబురుగా నున్నచోట వంగి వంగి నడచును. మంద తనను చూచినదని తెలిసిన క్షణమున పరుగు లంకించుకొనును. ఆ పరుగు పూర్తియగుటకు నిమిషమైనను పట్టదు. పంజాతో కాలు తట్టి జింకను పడద్రోసి గొంతు పట్టి నిలుచును. చీతావాడు పరుగున పోయి, జింకను కోసి, నెత్తుటిని కఱ్ఱగరిటెలో పట్టి చీతా ముందుంచి, అది త్రాగుచుండగా మరల గంత వేసి బండికి తెచ్చును. జింక తప్పినచో చీతా అలిగిన బిడ్డవలె అచ్చటనే చతికిలబడును. దానిని బుజ్జగించి తెచ్చుకొనవలెను.

ఇందు మనము విచారింపవలసినది చీతా వేగము గాదు. ఇఱ్ఱి ఎద్దుబండిని అంత దాపునకు ఏల రానిచ్చెను? నడచివచ్చు మనుష్యుని చూచిన యెడల అది చెంగుచెంగున పాఱిపోవును. గుఱ్ఱపు రౌతును చూచిన యెడల ఇంకను ముందుగా పాఱును. ఎద్దుబండిని చూచినప్పుడు మాత్రము తల యెత్తి యొకసారి చూచి, మరల మేతకు వంగును. దినదినము పొలమునకు ఎరువు తోలు బండి, కుప్ప తోలు బండి, సంతకు పోవు బండి, పెండ్లికి పోవు బండి ఆ మంద ప్రక్కనుండి పోవుచునే యుండెను. అందువలన ఎన్నడును దానికి కీడు కలుగలేదు. తల్లినుండి పిల్లకు వచ్చిన అనుభవము అది. ఈ నమ్మకమును సంపాదించినవాడు రైతు. దానిని ఖర్చుపెట్టుకొన్నవాడు రాజు. చీతా వేగము, చీతావాని నేర్పు, ఎద్దుల నిబ్బరము, ఇవి యన్నియు గూడి చేసిన పని ఊరిబండి మంచిపేరు నరువు తెచ్చుకొనుటయే.

ఆ బండియు ఆ బయలును లేనిచోట చీతా యేమగునో తెలుపు వృత్తాంతమొకటి గలదు. చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండి స్వదేశమునకు మరలిన జార్జి పిగట్ దొర, ఒక చీతాను ఇంగ్లండురాజు మూడవ జార్జికి కానుకగా సమర్పించెను. 1764 జూన్‌లో విండ్సరు ఉద్యానమున, వలలు కట్టిన యావరణములో, దానిని ఒక కొమ్ముల దుప్పిపైకి వదలిరి. ఆ దుప్పి పాఱిపోక కొమ్ములు వంచి ఎదిరించి చీతాను తఱిమివేసెను. చీతా యావరణము దాటి ప్రక్క యడవిలో దూరి, తనకు నచ్చిన జింక నొకదానిని తానే చంపుకొనెను. చీతాతో పోయిన మనవా రిద్దఱు సేవకులతో గూడ ఆ దృశ్యమును జార్జి స్టబ్స్ అను చిత్రకారుడు వ్రాసెను. ఆ పటము మాంచెస్టరు నగర చిత్రశాలలో నున్నది. రాజు తలచినను, జంతువు మేలైనదైనను, మన పల్లెబయలు తోడు లేనిచో ఆ వేట సాగలేదు.

మన దక్షిణదేశమున ఈ వేట చాలకాలము సాగెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప టిప్పు సుల్తాను పోషించిన వేటచీతాలు కుంఫిణీవారి చేతికి వచ్చెను. వానితో దొరలు జింకల నాడిరి. తెలుగుసీమలో విజయనగరము రాజులును చీతాలను పోషించిరి. 1880లో విశాఖపట్టణము జిల్లాలో గవర్నరు ఏజెంటుగా నుండిన ఇర్విన్ దొర వేట సమయమున ఆ సంస్థానపు చీతాచే గాయపడి మరణించెను. చీతా మనుష్యుని చంపుట యెంత యరుదో తెలిసినవారికి ఈ సంగతి ఆశ్చర్యము కలిగించును. అయినను దొరతనమువారు చీతాను క్రూరమృగముల పట్టికలో చేర్చి, చంపినవారికి బహుమానము లిచ్చిరి. ఒకవైపు రాజులు పట్టించుచుండగా, మఱియొకవైపు సర్కారు చంపించుచుండెను.

చీతా తగ్గుటకు మూలకారణము బండిలోనే యుండెను. కట్టుబడిలో నున్న చీతా పిల్లలను పెట్టదు. అక్బరు ఒకప్పుడు వేయి చీతాలను సేకరించియు వానిచే సంతానము కనిపింపలేకపోయెనని అతని కుమారుడు జహంగీరు వ్రాసెను. 1613లో ఒక జంట కలిసి మూడు పిల్లలను కనుట అద్భుతముగా నెంచి అతడు దానిని తన చరిత్రలో చేర్చెను. దాని తరువాత కట్టుబడి చీతా పిల్లలను పెట్టిన వార్త 1956 వఱకు, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో పుట్టువఱకు లేదు. కావున బండిమీద కూర్చున్న ప్రతి చీతాయు అడవినుండి తెచ్చినదే. అది ముసలిదైనపుడు దాని చోటికి మఱియొకటి అడవినుండి రావలసినదే. పశువును పెంచి మందను వృద్ధిచేయు మన రైతు లెక్క వేఱు, ఎత్తుడు సొమ్ము తినుచు కూర్చుండు సంస్థానపు లెక్క వేఱు. ఇరువదవ శతాబ్ది వచ్చునప్పటికి దేశపు చీతాలు దొరకక, 1918 మొదలు 1945 వఱకు సుమారు 200 చీతాలను ఆఫ్రికానుండి ఓడలమీద తెప్పించుకొనిరి. పట్టుటకు చీతా లేకపోయినను బండి మాత్రము వట్టిగా నుండరాదను పట్టుదల యది.

ఇంతలో మోటారుకారు వచ్చెను. ఎద్దుబండి వేటలో జింకకు బ్రదుకు దారి యొకటి యుండెను; కొన్ని వందల గజములు తప్పించుకొన్నచో అది గెలిచినట్లే. మోటారు వేటలో అట్టి హద్దు లేదు. రాత్రివేళ కారు దీపముల వెలుగునకు కన్నులు చెదరి నిలిచిన మృగమును తుపాకితో కాల్చుటకు చీతావాని నేర్పు గాని, ఎద్దుల నిబ్బరము గాని, బయలు జ్ఞానము గాని అక్కఱలేదు. 1947లో మధ్యదేశపు కొరియా సంస్థానాధిపతి రామానుజ ప్రతాప సింగ్ దేవ్ ఒక రాత్రి కారు దీపముల వెలుగున మూడు చీతాలను కాల్చెను. ఆ మూడును మగవి. మన దేశమున కాల్చబడిన చీతాలలో తుదివిగా వానినే చెప్పుదురు.

మన సీమకును ఈ కథ తుదిలో చోటు గలదు. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పత్రికలో 1952లో కిర్క్‌పాట్రిక్ అనువారు చిత్తూరు జిల్లాలో చీతా కనబడిన సంగతిని ప్రకటించిరి. చిత్తూరు అప్పుడు మదరాసు రాష్ట్రములోనిది. దేశము మొత్తమునకు చీతానుగూర్చి వ్రాయబడిన తుది వార్తలలో నది యొకటి. ఆ సంవత్సరమే చీతా భారతదేశమున అంతరించినదని ప్రకటించిరి. అనగా మా తాతల కాలపు మృగము మా తండ్రుల కాలమున, మా పొరుగు జిల్లాలో, కడసారి తోక చూపి పోయినది. అది పోవుచుండగా పోవుచున్నదని యెఱిగినవారు లేరు.

పోయినదెల్ల తిరిగి రాదని యనుటకును వీలులేదు. ఈ జెర్డను దొర పేరుతోనే పిలువబడు పక్షి యొకటి గలదు. మనవారు దానిని కలివికోడి యందురు. 1900 తరువాత దాని జాడ తెలియలేదు. అంతరించినదని యెల్లవారు నమ్మియుండగా 1986లో కడప జిల్లా ముండ్లపొదల బీళ్లలో అది మరల కనబడెను. దాని కొఱకు తెలుగుగంగ కాలువ దారిని గూడ మార్చిరి. ఆ బీళ్లు చెడక మిగిలియుండుటచే పక్షి మిగిలినది. చీతాకు అట్టి యదృష్టము లేకపోయెను. 2022 సెప్టెంబరు 17న నమీబియా దేశమునుండి ఎనిమిది చీతాలు, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికానుండి పండ్రెండు చీతాలు మధ్యప్రదేశములోని కూనో వనమునకు వచ్చెను. గాలి యాడు పెట్టెలలో నుంచి, విమానమున గ్వాలియరునకును, అచ్చటినుండి హెలికాప్టరులలో వనమునకును చేర్చిరి. వానిలో కొన్ని చనిపోయెను. కొన్ని పిల్లలను పెట్టెను. మన పూర్వపు చీతాజాతి నేడు ఇరాను దేశమున మాత్రమే, వ్రేళ్లపై లెక్కింపదగినంతగా మిగిలియున్నది.

వందల యేండ్లు చీతాను బండి యెక్కించి వేటకు తెచ్చిన దేశము, ఇప్పుడు దానిని బండి దించి స్వేచ్ఛగా పొమ్మనుటకు సముద్రము దాటించి తెచ్చుకొనవలసివచ్చెను. ఆ వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది; అది మరల రాదు, రానక్కఱయు లేదు. కాని వేటను మాన్పించినంత మాత్రమున మృగము నిలువదు. దానికి మేతబయలు కావలెను. ఇఱ్ఱి ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము. 1988లో బట్టమేకపిట్ట కొఱకు ఏర్పాటైన కర్నూలు సీమలోని రోళ్లపాడు బయలున అది మందలుగా పెరిగినది. అడవి యనగా చెట్లే యని తలచు మనము, చెట్టు లేని పచ్చికనేలను బంజరని కాగితములలో వ్రాసి, ఏదో యొక పనికి ఇచ్చివేయుచున్నాము. ఇఱ్ఱికిని, కలివికోడికిని, ఒకప్పటి చీతాకును ఆ బంజరే ఇల్లు.

ఊరి మేతపోరంబోకు విషయమై గ్రామసభలో మాట వచ్చినపుడు, ఆ నేలలో ఏమియు లేదని చెప్పుటకు ముందు పెద్దలు ఒక్క దినము తెల్లవారుజామున అచ్చటికి నడచి పోయి చూడవలెనని నా మనవి. ఏ పక్షి గ్రుడ్లు పెట్టునో, ఏ జింక గిట్టలు పడినవో, పసులకాపరిని వెంటబెట్టుకొని అడిగి తెలిసికొనవలెను. మన బండ్ల ప్రక్కను జింకలు బెదరక మేసిన కాలమొకటి యుండెను. ఆ నమ్మకమును వారు వీరు వాడుకొనిపోయిరి గాని, దానిని పుట్టించినది మన పల్లెలే. బయలు మిగిలినచో దానిని మరల పుట్టింపగల శక్తియు పల్లెలకే గలదు.